అప్‌డేట్: పొగ తాగని పెద్దమ్మకు సీఓపీడీ ఎలా వచ్చిందన్న నా ప్రశ్న

బీడీ, చుట్ట ఎన్నడూ ముట్టని మా పెద్దమ్మకు సీఓపీడీ (ఊపిరితిత్తులలో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఎలా వచ్చిందని అడిగినప్పుడు, వంటపొయ్యి గురించి, పాత జబ్బుల గురించి ఆరా తీయమని సూచించిన అందరికీ కృతజ్ఞతలు. స్పైరోమెట్రీలో, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్షలో, గాలి దారులను వదులు చేసే మందు పీల్చిన తరువాత కూడా, మొదటి సెకనులో వదిలిన గాలి మొత్తం ఊదిన గాలిలో 70 శాతం కన్నా తక్కువే ఉండటంతో వ్యాధి నిర్ధారణ అయింది. కిటికీ లేని వంటింట్లో పత్తికట్టె, కంపకట్టెల పొగ మధ్య దశాబ్దాలు వండటమూ, నడివయసులో వచ్చిన క్షయా కారణాలేనని డాక్టరుగారు చెప్పారు.

నన్ను ఎక్కువగా కలచివేసింది మందుల సంగతి. రోజూ రెండు పూటలా పీల్చవలసిన ఇన్‌హేలర్‌ను, నెలాఖరు దాకా రావాలని, ఆయాసం ముదిరిన రోజునే వాడుతోంది. ఆయాసం వస్తే కూలికి వెళ్లలేదు, కూలి లేకపోతే మందు కొనలేదు. దీనిని అశ్రద్ధ అనడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 అనే వంటగ్యాస్ పథకం కింద ఏడాదికి 3 సిలిండర్లు ఉచితమే అయినా, ముందుగా కట్టవలసిన సొమ్ము చేతిలో లేక ఆమె మళ్లీ కట్టెలే ముట్టించింది. 70 ఏళ్లలోపు సీఓపీడీ మరణాలలో దాదాపు 90 శాతం అల్ప, మధ్య ఆదాయ దేశాలలోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట ఇప్పుడు నాకు అంకెలా కనిపించడం లేదు.

ప్రస్తుతానికి ఇన్‌హేలర్, సిలిండర్ ఖర్చులు మేము అన్నదమ్ములం పంచుకుంటున్నాము. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో) పీల్చడం నర్సు నేర్పారు, నీళ్లు కాచే పొయ్యిని ఆరుబయటికి మార్చాము, ఫ్లూ టీకా వేయించాము.