‘కొండ యద్దమందు’: ఏ అద్దం?

పల్లవి: మా సెల్లార్ మలుపులో గుండ్రటి ఉబ్బెత్తు అద్దం పెట్టారు. అందులో ఎదురొచ్చే కారు వేలెడంత కనిపించినప్పుడల్లా ఒక వేమన పాదం నోట్లో ఆడుతోంది. ‘అద్దమందు కొండ కొంచెమై యుండదా’ అనా, ‘కొండ యద్దమందు’ అనా? కొంచెమా, కొంచమా?

ఆటవెలది: ‘కొండ యద్దమందు’ అనే. నాలుగో గణం ‘కొం’తో మొదలవుతోంది కాబట్టి పాదం మొదట ‘కొ’ ఉంటేనే యతి. ‘అద్దమందు కొండ’ అంటే గణాలు నడుస్తాయి గానీ యతి పోతుంది. కొంచెమై, కొంచమై రెండూ ర గణమే, అక్కడ ఛందస్సు తీర్పు చెప్పదు. నా ఓటు కొంచెముకే. రెండో పాదం ‘కొంచెముండుటెల్ల’ కదా, ఆ మాటనే మళ్లీ అందుకున్నాడు.

కిరణం: పాఠం సరే, అర్థం మాటేమిటండీ? చదును అద్దం దేన్నీ చిన్నది చేయదు. పెరిస్కోపులో 45 డిగ్రీల వాలున రెండు చదును అద్దాలుంటాయి, గోడ అవతలి కొండ అందులో కొండంతే కనిపిస్తుంది. చిన్నది చేసేది కుంభాకార దర్పణం. బొమ్మ చిన్నదవుతుంది కాబట్టే మలుపుకు అటూ ఇటూ ఉన్న దారంతా అందులో పడుతుంది. వేమన చూసింది ఉబ్బెత్తు అద్దమే.

పాతపుస్తకం: కిరణం గారికి నా మద్దతు. లోహపు అద్దాల్ని మరిచిపోకండి. కేరళలో ఆరన్ముళ కన్నడిని ఇప్పటికీ రాగి, తగరం కలిపిన లోహంతోనే చేస్తారు. చేత్తో సానపట్టిన లోహం నడుమ రవ్వంత ఉబ్బు మిగిలినా చాలు.

ఆటవెలది: అంత దూరం పోనక్కర్లేదు. అరచేతంత చదును అద్దాన్ని మూరెడు దూరాన పట్టుకోండి, వెనకాల దూరపు కొండ మొత్తం అందులో ఇముడుతుంది. కొండ తరగలేదు, అద్దం మీద దానికి పట్టిన చోటు బెత్తెడు, అంతే. అందుకే ‘అద్దమందు’ అన్నాడు, ‘అద్దముచేత’ అనలేదు. ‘కొంచెముండుటెల్ల కొదువ గాదు’ అన్న మాట నిలబడాలంటే కొండ తరగకూడదు కూడా. పద్యం ప్రాణమంతా ఆ ‘అందు’లో ఉంది.

గాజుపలక: అద్దమంటే గాజు కూడా కదా! కళ్లద్దాలు, భూతద్దం అంటున్నాం. దూరపుచూపు ఆనని వాళ్ల కళ్లద్దాన్ని కాస్త ఎడంగా పట్టి చూడండి, కొండ చిన్నదై కనిపిస్తుంది.

కిరణం: ‘లోంచి’ చూస్తే ‘అందు’ అంటాడా?

పాతపుస్తకం: ‘ఉప్పు కప్పురంబు’ పద్యమూ చూడండి. కంటికి తోచేది వేరు, ఉన్నది వేరు అన్న ధ్యాస వేమనను వదల్లేదు. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ‘కొంచెమై’ దగ్గర ఏముందో చూసి పెట్టండి.

గాజుపలక: ‘పురుషులందు పుణ్యపురుషులు’ అన్నదీ ఆ పద్యమే. అక్కడి ‘అందు’ చోటు చెప్పడం లేదే?

ఆటవెలది: అది గుంపులోంచి ఏరి చెప్పే ‘అందు’ అండీ. రెంటినీ కలపకండి.