గడప తీయకుండా వీల్‌చెయిర్ లోపలికి ఎలా?

ప్రశ్న (తెనాలి):
నాన్నకి 67 ఏళ్లు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. వీల్‌చెయిర్ కొన్నాం గానీ వీధి మెట్లు అడుగున్నర ఎత్తు, బాత్రూమ్ గుమ్మం 24 అంగుళాలే, కుర్చీ పట్టదు. గడప తీసేద్దామంటే అమ్మ ససేమిరా అంటోంది, శుక్రవారం పసుపు రాసే గడప కదా. ఏం చేయమంటారు?

జవాబు (గుంటూరు):
అమ్మా, వెన్నెముక దెబ్బతిని నేనూ వీల్‌చెయిర్‌లోనే ఉంటున్నాను. గడప జోలికి పోవద్దు. దానికి రెండు వైపులా ఏటవాలు చెక్కలు వడ్రంగితో చేయించండి. పసుపు రాసేటప్పుడు పక్కకి తీయొచ్చు. వీధి మెట్ల మీద కట్టే ర్యాంపు దగ్గర మాత్రం రాజీ పడొద్దు. అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల పొడవు, అంటే మీకు 18 అడుగులు కావాలి. మేస్త్రీలు ఆరడుగుల్లో కానిచ్చేద్దామంటారు, ఒప్పుకోకండి, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. స్థలం చాలకపోతే మలుపు తిప్పించండి. నున్నటి టైల్స్ వద్దు, గరుకు సిమెంటే మేలు. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. నాన్నగారు లోపల పడిపోయి తలుపుకే అడ్డమైతే మీరు తీయలేరు. గోడకి స్టీలు కడ్డీ ఎడమచేతికి అందేలా పెట్టించండి.

జవాబు (ఒంగోలు):
వైకల్య ధ్రువపత్రం కోసం సదరం పరీక్షకి స్లాట్ బుక్ చేశారా? 40 శాతం వైకల్యం ఉండి, ఆదాయ పరిమితిలో ఉంటే కేంద్రం వాళ్ల ఏడిప్ పథకంలో వీల్‌చెయిర్ లాంటి పరికరాలు ఇస్తారు. 60 దాటిన పేదవారికి వయోశ్రీ అనే కేంద్ర పథకం ఉంది, 2017లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. రెండూ పరికరాలకే, ర్యాంపుకి కాదు.

ప్రశ్న (తెనాలి):
మరి బాత్రూమ్ గోడ పగలగొట్టాలా అన్నయ్యా?

జవాబు (గుంటూరు):
ఇప్పుడే వద్దు. చక్రాల కమోడ్ కుర్చీల్లో సన్నవి దొరుకుతాయి. తలుపు చెక్క మందం వదిలేసి ఖాళీ కొలిచాకే కొనండి.