చుట్లు పెంచితే మోటారు బలం పెరుగుద్దా, తగ్గుద్దా?

కావలి_నాన్న:
మా పాప పదో తరగతి, స్కూల్లో సైన్స్ ఫెయిర్ అంట. రెండు పిన్నీసులు, ఒక లావు బ్యాటరీ, పాత స్పీకర్‌లో ఊడదీసిన మాగ్నెట్, రాగి కాయిల్, ఇంతే మోటారు. 20 చుట్లతో జుయ్యిమని తిరిగింది. చుట్లు పెరిగితే టార్క్, అంటే తిప్పే బలం, పెరుగుద్దని పుస్తకంలో ఉండాది కదా అని 40 చుట్టాం, ఇప్పుడు చేత్తో తోస్తే తప్ప కదలదు, కదిలినా జొరం వచ్చినట్టు తిరుగుతుండాది. మా బామ్మర్దేమో చుట్లు పెంచితే బలం తగ్గుద్దంటాడు, పాపేమో పుస్తకం తప్పా నాన్నా అని నా మొహం చూస్తుండాది. ఏందన్నా ఈ కథ?

ఒంగోలు_వైండింగ్:
మీ బామ్మర్దే కరెక్టు. కాలిపోయిన మోటారు వస్తే మేం ముందు చేసే పని పాత చుట్లు లెక్కబెట్టడం, అన్నే వెయ్యాల. నాలుగు తగ్గించామా, మోటారు బాగా లాగుద్ది గానీ ఆంప్స్ ఎక్కి వేడెక్కి మళ్ళా మా షాపుకే వస్తది. నాలుగు ఎక్కువేశామా, చల్లగా ఉంటది, లోడ్ మాత్రం లాగదు. పుస్తకాలు రాసినోళ్ళు ఒక్క మోటారన్నా చుట్టారా అంట?

నెల్లూరు_ఫిజిక్స్:
అన్నా, మీరు చుట్టేది ఏసీ ఇండక్షన్ మోటారు. దాంట్లో మాగ్నెట్ ఉండదు, ఆ చుట్లే మాగ్నెటిక్ ఫీల్డ్ పుట్టిస్తాయి, వోల్టేజి అంతే ఉండి చుట్లు తగ్గితే ఫీల్డ్ పెరిగిపోద్ది, అందుకే లాగుడు, అందుకే వేడి. పాప మోటారుకి మాగ్నెట్ బయట విడిగా ఉండాది. దాని టార్క్ అంటే చుట్లు, కరెంటు, మాగ్నెట్ బలం, కాయిల్ వైశాల్యం నాలుగూ గుణించి, కోణాన్ని బట్టి తగ్గించుకోవడమే. చుట్లు డబుల్ అయితే టార్క్ డబుల్. పుస్తకంలో తప్పేం లేదు.

ఒంగోలు_వైండింగ్:
సరే సార్, ఒక్కటడుగుతా. చుట్లు డబుల్ చేస్తే తీగ పొడుగు కూడా డబులే కదా, తీగ రెసిస్టెన్స్ డబులే కదా, అదే బ్యాటరీ మీద కరెంటు సగానికి పడదా? రెండింతలు, సగం, కొట్టేసుకుంటే మిగిలిందేంది? కరెంటు మారకపోతేనే మీ ఫార్ములా, ఆ మాట బ్యాటరీకి ఎవరు చెప్పాల?

నెల్లూరు_ఫిజిక్స్:
మంచి పాయింటే, ఒప్పుకుంటుండా, ఆ షరతు నేను చెప్పలా. కానీ పూర్తిగా సగం పడదన్నా, అడ్డం తీగ ఒక్కటే కాదు, బ్యాటరీ లోపల రెసిస్టెన్స్ ఉండాది, పిన్నీసు తగిలే చోట ఇంకొంత, అవి చుట్లతో పెరగవు. కావలి అన్నా, ఆ 40 చుట్లు ఏ తీగతో చుట్టారు?

కావలి_నాన్న:
ముందుది 24 గేజి. అది అయిపోయింది, ఇంట్లో పాత ట్రాన్స్‌ఫార్మర్ విప్పితే సన్నది వచ్చింది, 32 అనుకుంటా.

నెల్లూరు_ఫిజిక్స్:
దొరికింది! 24 గేజి మీటరుకి 0.07 ఓములు, 32 గేజి 0.29. కాయిల్ 3 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం, బ్యాటరీ, పిన్నీసులు కలిపి అర ఓము అనుకుందాం. 24 గేజి 20 చుట్లకి సుమారు 2.4 ఆంప్స్ వస్తది, చుట్లతో గుణిస్తే 47. 32 గేజి 40 చుట్లకి 0.9 ఆంపే, గుణిస్తే 37 దగ్గర ఆగింది. అదే 24 గేజితో 40 చుట్టుంటే 78 వచ్చేది. అంటే పాప ఒకేసారి రెండు మార్చింది, నింద మాత్రం చుట్ల మీద పడింది.

ఇందుకూరుపేట_చెరువు:
రొయ్యల చెరువోళ్ళ గోడు కూడా కాస్త వినండయ్యా. రాత్రిపూట నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు లేవవు, మూలుగుతా నిలబడతాయి, వైండింగ్ పోయిందేమో అని విప్పించి డబ్బులు తగలేసుకుంటాం.

ఒంగోలు_వైండింగ్:
ముందు వోల్టేజి చూసుకో తమ్ముడా. ఇండక్షన్ మోటారు టార్క్ వోల్టేజి వర్గంతో పడిపోద్ది, 415 రావాల్సిన చోట 350 వస్తే నూటికి 71 వంతులే బలం. వైండింగ్ పాపం ఏం చేసుద్ది. ఇంక సార్, మీ లెక్క బాగుండాది గానీ తీగ కొసల మీద పూత గీకుడు సంగతి మర్చిపోయారు. మాగ్నెట్ కాయిల్ కింద ఉంటే, కాయిల్ నిలువుగా పట్టుకొని ఒక కొసని పై సగమే గీకాల. పడుకోబెట్టి గీకితే సగం దూరం ముందుకి తోసి మిగతా సగం వెనక్కి లాగుద్ది, ఎన్ని చుట్లేసినా దండగ. రెండో కొస చుట్టూతా గీకాల.

నెల్లూరు_ఫిజిక్స్:
ఈ మాట నా క్లాసులో చెప్పుకుంటా, ఏమనుకోబాకండి 🙂

కావలి_నాన్న:
నిన్న రాత్రి 24 గేజి కొనుక్కొచ్చి 40 చుట్టాం, నిలువుగా పట్టుకొని గీకాం. తిరుగుతుండాది, దారం తగిలిస్తే ముందు మోటారు ఆగిపోయేది, ఇది లాగుతుండాది. వేగం మాత్రం పెద్ద తేడా తెలీలేదు. పాప ఇప్పుడు 80 చుడతానంటుండాది. ఇంకో సంగతి, పొద్దుట్నించి మూడు బ్యాటరీలు అయిపోయినాయి, వాళ్ళమ్మ గోడ గడియారంలోది కూడా పీకేసిందని అరుస్తుండాది.

ఒంగోలు_వైండింగ్:
రెండు ఆంపులు లాగితే అయిపోక ఏమవుద్ది. 80 వద్దు, కాయిల్ బరువెక్కి పిన్నీసుల్లో ఊగుద్ది. మాగ్నెట్ ఇంకో అర సెంటీమీటరు దగ్గరికి జరిపి చూడమనండి.