కాన్సులేట్‌ని రాయబార కార్యాలయం అనొచ్చా?

ప్రశ్న:
అమెరికా వార్తలు అనువాదం చేస్తున్నాను. హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌ని ఒకరు ‘రాయబార కార్యాలయం’ అంటారు, ఇంకొకరు ‘ఉప రాయబార కార్యాలయం’ అంటారు, మరొకరు ‘దౌత్య కార్యాలయం’తో సరిపెడతారు. లండన్‌కి వచ్చేసరికి అందరూ ‘హైకమిషన్’ అంటారు. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

జవాబు:
రాయబారి కూర్చునేదే రాయబార కార్యాలయమండీ. ఒక దేశంలో మన రాయబారి ఒక్కరే ఉంటారు, మామూలుగా అక్కడి రాజధానిలో. అమెరికాలో అయితే వాషింగ్టన్‌లో. న్యూయార్క్, షికాగో, హ్యూస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా, సియాటిల్‌లలో ఉన్నవి కాన్సులేట్లు. ప్రభుత్వంతో ప్రభుత్వం మాట్లాడుకునే పని రాయబారిది. పాస్‌పోర్ట్ రెన్యువల్, వీసా, జైల్లో పడ్డ మనవాణ్ణి వెళ్లి కలవడం, చనిపోయినవారిని స్వదేశానికి పంపడానికి కావలసిన కాగితాలు, ఇవీ కాన్సులేట్ రోజువారీ పనులు.

ఈ తేడా పేరుకే అనుకుంటే పొరపాటు. రాయబారులకు 1961 నాటి వియన్నా ఒప్పందం, కాన్సులేట్ అధికారులైన కాన్సుల్‌లకు 1963 నాటి మరో వియన్నా ఒప్పందం ఉన్నాయి. రాయబారిని అక్కడి పోలీసులు అరెస్టు చేయడం కుదరదు. కాన్సుల్‌కి ఉండే రక్షణ ఉద్యోగరీత్యా చేసిన పనుల వరకే. తీవ్రమైన నేరమని ఆరోపణ ఉంటే కోర్టు ఉత్తర్వుతో అరెస్టు చేయొచ్చు. 2013లో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్‌ను అరెస్టు చేసినప్పుడు జరిగిన రగడ గుర్తుందా? తర్వాత ఆమెకు పూర్తి రక్షణ దొరకాలని మన ప్రభుత్వం ఆమెను ఐక్యరాజ్యసమితిలోని శాశ్వత మిషన్‌కి మార్చింది. ఆ వార్తలో ‘రాయబార కార్యాలయ అధికారి’ అని రాసేస్తే, అసలు ఎలా అరెస్టు చేశారో, ఎందుకు మార్చారో చదివేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు.

‘ఉప రాయబార కార్యాలయం’ అసలు వద్దు. కాన్సులేట్‌కి పెద్ద అయిన కాన్సుల్ జనరల్ రాయబారికి డిప్యూటీ కాదు. ఆ డిప్యూటీ వేరే ఉంటారు, ఆయన కుర్చీ కూడా వాషింగ్టన్‌లోనే.

ప్రశ్న:
బాగుంది. మరి లండన్‌లో రాయబారి ఎందుకు లేరు?

జవాబు:
ఉన్నారు, హోదా పేరే వేరు. కామన్‌వెల్త్ దేశాల మధ్య హైకమిషనర్ అంటారు. ఒకప్పుడు ఆ దేశాలన్నిటికీ బ్రిటన్ రాజు ఒక్కడే రాజు. రాజు తనకు తానే రాయబారిని పంపుకోవడం కుదరదుగా! భారత్ గణతంత్రమయ్యాక కూడా ఆ పేరు అలాగే ఉండిపోయింది. విజయలక్ష్మీ పండిత్ 1947లో మాస్కోలో, 1949లో వాషింగ్టన్‌లో రాయబారి. అదే మనిషి 1954లో లండన్ వెళ్లగానే హైకమిషనర్ అయ్యారు.

పాకిస్తాన్ సంగతి ఇంకా తమాషా. 1972లో కామన్‌వెల్త్ నుంచి బయటికి పోయి 1989లో మళ్లీ చేరింది. 1971 యుద్ధంతో తెగిన దౌత్య సంబంధాలు 1976లో మళ్లీ మొదలయ్యాక, 1989 దాకా ఇస్లామాబాద్‌లో మనకున్నది రాయబార కార్యాలయం. ఇప్పుడు హైకమిషన్. కాబట్టి పాత వార్తల్ని అనువదించేటప్పుడు సంవత్సరం చూసుకోండి.

హైదరాబాద్‌లోనే చూడండి. అమెరికాది కాన్సులేట్ జనరల్, బ్రిటన్‌ది డిప్యూటీ హైకమిషన్. మీ ‘ఉప’ ముచ్చట కావాలంటే అక్కడ తీర్చుకోవచ్చు!

మరొకరు:
అన్నీ ఇంగ్లిషు మాటలేనా మాస్టారూ? కౌటిల్యుడే మూడు రకాల దూతలను చెప్పాడు: పూర్తి అధికారం ఉన్న నిసృష్టార్థుడు, హద్దులున్న అధికారం గల పరిమితార్థుడు, ఆజ్ఞాపత్రం మోసుకెళ్లే శాసనహరుడు. వీటిలోంచి కాన్సుల్‌కి ఒక మాట తయారుచేసుకోలేమా?

జవాబు:
మాటలు దివ్యంగా ఉన్నాయి, కానీ ముగ్గురూ కబురు మోసేవాళ్లే కదండీ. వాళ్లలో ఎవరికి ఎంత మాట్లాడే హక్కుందన్నదే అక్కడి లెక్క. కృష్ణుడు హస్తినకు వెళ్లినా, సంజయుడు పాండవుల దగ్గరికి వచ్చినా అదే పని. ఒకరి మాట ఇంకొకరికి చేర్చి, జవాబు పట్టుకుని తిరిగి రావడం. తెలుగులో రాయబారానికి ఇప్పటికీ ఆ అర్థం చెడలేదు. రెండు కుటుంబాలకు మాటల్లేనప్పుడు ‘మధ్యలో మేనమామ రాయబారం నడిపాడు’ అంటాం. అందుకే అంబాసిడర్‌కి రాయబారి అన్న మాట అంత చక్కగా అతికింది.

కాన్సుల్ ఎవరి మాటా మోయడు. అవతలి ఊళ్లో ఉన్న మనవాళ్ల పనులు చూస్తాడు. ఆయనకు దూత అని పేరు పెడితే మళ్లీ మొదటి గందరగోళానికే వస్తాం. పైగా పాస్‌పోర్ట్ పని మీద వెళ్లే ఏ తెలుగువాడైనా ‘కాన్సులేట్‌కి వెళ్లొస్తా’ అనే అంటాడు. బస్సు, రైలు మనవైనట్టు ఇదీ మనదే. కొత్త మాట కోసం తంటాలెందుకు?

ప్రశ్న:
అయితే అన్నిటినీ కలిపి చెప్పాల్సి వస్తే?

జవాబు:
‘విదేశాల్లో భారత దౌత్య కార్యాలయాలు’ అనండి. కాన్సులేట్‌ని దౌత్యంలో కలిపేస్తారా అని ఎవరైనా చట్టం తీస్తే తీయనివ్వండి, గుంపుగా చెప్పడానికి అంతకన్నా తేలికైన మాట లేదు. ఒక్కోదాన్ని విడిగా చెప్పేటప్పుడు మాత్రం దాని పేరు దానికే ఉంచండి.

ప్రశ్న:
తైపీలో మన ఆఫీసు ఉంది కదా, అదీ ఇందులోకే వస్తుందా?

జవాబు:
దాన్ని విడిగా పెట్టండి. తైవాన్‌తో మనకు అధికారిక దౌత్య సంబంధాలు లేవు. అందుకే 1995లో పెట్టిన ఆ ఆఫీసు పేరు ‘ఇండియా తైపీ అసోసియేషన్’. వీసాల్లాంటి పనులు అక్కడ జరుగుతాయి, బోర్డు మీద మాత్రం రాయబారమూ కనబడదు, కాన్సులేటూ కనబడదు. అనువాదంలోనూ ఆ పేరును అలాగే దింపేయండి.