నిజంగా జరిగిన బస్సు ప్రమాదం మీద సినిమా: ఎవర్ని అడగాలి, ఎన్నాళ్లు ఆగాలి?

మడివాల_నైట్‌బస్:
అందరికీ నమస్తే. నేను బెంగళూరులో మారతహళ్లి వైపు జాబ్ చేస్తూ రాత్రిళ్లు స్క్రిప్టులు రాస్తుంటా. ఇక్కడి తెలుగు టీమ్ ఒకటి వెబ్ ఫిల్మ్ తీస్తోంది, డైలాగులు రాయమని నన్ను పిలిచారు. కథ 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయిన బస్సు గురించి. హైదరాబాద్ నుంచి మన బెంగళూరుకే వస్తున్న బస్సు, రోడ్డు మీద పడి ఉన్న బైక్ దాని కింద ఇరుక్కుని మంటలు లేచి, గుర్తుపట్టడానికి డీఎన్ఏ టెస్టులు చేయాల్సొచ్చింది, అందరికీ గుర్తుండే ఉంటుంది. పేర్లు మారుస్తాం అంటున్నారు, కానీ ఎవరు ఏ ఊరు, ఎందుకు ప్రయాణం కట్టారు, పిల్లలెందరు, ఇవన్నీ పేపర్లో వచ్చినవి వచ్చినట్టే పెడుతున్నారు. పైగా బస్సు లోపల మంటల్లో ఒక పెద్ద సీన్, అది నేనే రాయాలి. ఏడాది తిరిగేలోపు రిలీజ్ చేస్తేనే జనం చూస్తారని ప్రొడ్యూసర్ మాట.

నాకు ఆ సీన్ రాయబుద్ధి కావట్లేదు. అలాగని ఈ కథ ఎవరూ చెప్పకూడదనీ అనిపించట్లేదు, ఎందుకంటే 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర ఇదే రూట్లో వోల్వో కాలిపోయి 45 మంది పోయారు, అప్పుడు నాలుగు రోజులు చెకింగులు అన్నారు, ఇప్పటికీ నేను పండక్కి స్లీపర్ ఎక్కితే అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో చెప్పే మనిషి ఉండడు. కుటుంబాలని అడక్కుండా తీయడం తప్పేనా? ఎన్నేళ్లు ఆగితే తప్పు కాదు?

కోర్టు_కారిడార్:
లీగల్‌గా అయితే మీ ప్రొడ్యూసర్‌కి పెద్ద అడ్డేమీ లేదు, అదే బాధ. 1994లో, హత్య కేసుల్లో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు, కోర్టు రికార్డుల్లాంటి పబ్లిక్ రికార్డుల్లో ఉన్నదాన్ని ఎవరి అనుమతీ లేకుండా వేసుకోవచ్చు అంది, లైంగిక దాడి, కిడ్నాప్ లాంటి కేసుల బాధితుల విషయంలో మాత్రం కుదరదంది. జయలలిత గారి బయోపిక్ మీద మేనకోడలు దీప వేసిన కేసులో 2021లో మద్రాస్ హైకోర్టు, మనిషి పోయాక ప్రైవసీ హక్కు వారసులకి రాదని చెప్పింది. 2023లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి కేసులో ఢిల్లీ హైకోర్టుదీ అదే లైన్. అంటే పోయినవాళ్ల తరఫున కోర్టు మిమ్మల్ని ఆపడం కష్టం, ఆగాల్సింది మీరే. కానీ ఒకటి చూసుకోండి, బస్సులోంచి దూకి బతికినవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల హక్కు ఎక్కడికీ పోలేదు. వాళ్ల సంతకం లేకుండా వాళ్లని పోలిన క్యారెక్టర్ పెట్టొద్దు, పేరు మార్చినా సరే.

వడపళని_ఎడిట్‌రూమ్:
బ్రో, ఎన్నేళ్లు అనే లెక్కతో ఇది తేలదు. న్యూజిలాండ్‌లో 2019 క్రైస్ట్‌చర్చ్ మసీదుల కాల్పుల మీద 2021లో సినిమా అనౌన్స్ చేస్తే అక్కడి ముస్లింలు గట్టిగా వ్యతిరేకించారు, ప్రొడ్యూసర్ ఒకావిడ సారీ చెప్పి తప్పుకుంది, రెండేళ్లకే తీస్తే అంతే అనుకుంటాం. మరి ఆస్ట్రేలియాలో 1996 పోర్ట్ ఆర్థర్ కాల్పుల మీద 2021లో తీసినా టాస్మానియాలో చాలామంది బాధపడ్డారు, అదీ హంతకుడి పేరు ఒక్కసారీ పలక్కుండా, చంపడం చూపించకుండా తీసిన సినిమా. పాతికేళ్లు సరిపోలేదన్నమాట.

నాకు బాగా పనికొచ్చింది ఉపహార్ సిరీస్. 1997లో ఢిల్లీ థియేటర్ మంటల్లో 59 మంది పోయారు, ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్న కృష్ణమూర్తి దంపతులు వాళ్లే పుస్తకం రాశారు, దాని మీద 2023లో సిరీస్ వచ్చింది. అందులో బరువంతా ఆ తల్లిదండ్రులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం మీదే ఉంటుంది. బయటికెళ్లే దారికి అడ్డంగా ఎక్స్‌ట్రా సీట్లు వేశారన్న సంగతి అంత భయంకరంగా అనిపిస్తుంది, దాని ముందు మంటల షాట్ ఏపాటిది. నీ కథలో కూడా ఆ సీటు లాంటిది ఏదో ఉంటుంది, అది వెతుకు.

అనంతపురం_అక్క:
తమ్ముడూ, నేను ఇవతలి వైపు మనిషిని కాబట్టి చెప్తున్నా. మా తమ్ముడు కూడా రోడ్డు మీదే పోయాడు, ఏ ప్రమాదమో వద్దులే. కొన్నాళ్లకి ఒక ఛానల్లో దాన్ని యాక్టర్లతో తీసి వేశారు, మాకు ఒక్క మాట చెప్పలేదు. వాడి లాంటి చొక్కానే వేశారు, నీలం గళ్లది, ఆ ఫోటో మేమే పేపర్‌కి ఇచ్చాం. పక్కింట్లో టీవీ పెట్టుంటే మా అమ్మ చూసింది. అందులో ఆ అబ్బాయి చివర్లో అమ్మా అమ్మా అని అరుస్తాడు. డాక్టరు మాతో చెప్పింది వెంటనే ప్రాణం పోయిందని, ఆ మాట పట్టుకునే మేం నిలబడ్డాం. ఆ ప్రోగ్రాం తర్వాత మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, వాడు నన్ను పిలిచాడా, ఎంతసేపు పిలిచాడు అని. ఎవరో కుర్చీలో కూర్చుని రాసిన డైలాగ్ అది. లేదమ్మా అంటే నమ్మదు, కళ్లతో చూసింది కదా.

సినిమా తీయొద్దు అని నేననను. ముందే వచ్చి కూర్చుని అడిగుంటే మా అమ్మ వాడి గురించి పూటంతా చెప్పేది. చివరి నిమిషాలు మాత్రం ఎవరూ చూడలేదు, అవి కల్పించి మా నెత్తిన పెట్టొద్దు.

తాంబరం_టు_టెక్కలి:
అక్కా, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ టైప్ చేయలేకపోయా. అయినా రెండో వైపు కూడా చెప్పాలి. 2014 జూన్‌లో ఇక్కడ చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది పోయారు, చాలామంది మన విజయనగరం, శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన కూలీలు. పక్క టవర్‌ని 2016లో పేల్చి కూల్చేస్తే ఆ వీడియో అందరూ చూశారు, షేర్ చేశారు. ఆ కూలీల సంగతి ఎవరు పట్టించుకున్నారు? మా సైట్లో ఇప్పుడు చేరే కుర్రాళ్లకి అసలు అలాంటిది జరిగిందనే తెలీదు. అందరూ మౌనంగా ఉంటే లాభం ఎవరికంటే కట్టినోడికి, బస్సు తిప్పినోడికి. ఒక ఇంట్లో వద్దంటే ఇంకో ఇంట్లో రాయండి బాబూ అంటారు, అన్ని ఇళ్లూ ఒప్పుకునేదాకా ఆగితే ఏ కథా బయటికి రాదు. కాబట్టి తీయాలి, త్వరగానే తీయాలి, కాకపోతే కెమెరా ఓనర్ వైపు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చిన టేబుల్ వైపు పెట్టాలి.

మడివాల_నైట్‌బస్:
అక్కా, క్షమించండి, మీతో ఇదంతా మళ్లీ చెప్పించినట్టయింది. ఆ లోపలి సీన్ రాయనని ఈరోజు టీమ్‌కి చెప్పేశా. బస్సు బయల్దేరే ముందు ఏం చెక్ చేయాలి, ఎవరు చేయలేదు, తెల్లారాక ఇంటికి ఫోన్ ఎలా వచ్చింది, ఇవైతే రాస్తానన్నా, ఊళ్ల పేర్లు కూడా తీసేయమన్నా. డైరెక్టర్ కొంచెం మెత్తబడ్డాడు, ప్రొడ్యూసర్ మాత్రం మంటలు లేకపోతే ట్రైలర్‌లో ఏం పెట్టాలి అంటున్నాడు. ఒప్పుకోకపోతే నా పేరు తీసేసుకుంటా. కోర్టు_కారిడార్ గారూ, బతికినవాళ్లని కలవడానికి వెళ్తే కన్సెంట్ పేపర్ తెలుగులో రాసుకోవచ్చా, ఇంగ్లిష్‌లోనే ఉండాలా?

కోర్టు_కారిడార్:
తెలుగులోనే రాయండి, వాళ్లు చదివి అర్థం చేసుకోవడమే ముఖ్యం. షూటింగ్ అయ్యేలోపు ఎప్పుడైనా వద్దనుకోవచ్చు అనే లైన్ తప్పకుండా పెట్టండి. మొదటిసారి వెళ్లినప్పుడు మాత్రం పేపర్ తీసుకెళ్లొద్దు, ఫోన్‌లో రికార్డింగ్ కూడా వద్దు.