ఓమ్‌లూ ఒకటే, వాట్లూ ఒకటే. ఒక తీగ కోస్తోంది, ఇంకొకటి తెగుతోంది

అడిగినవారు, పెరంబూరు:
బొమ్మల కొలువుకు ఈసారి థర్మాకోల్‌తో గాలిగోపురం చేస్తున్నానండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో రెండు రకాల నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన లోహం) తీగ కొన్నాను. 0.4 మిల్లీమీటర్ల తీగను 40 సెంటీమీటర్ల విల్లుకు బిగించి, కరెంటుతో వేడిచేసి పెద్ద పలకలు కోస్తున్నాను. శిల్పాల దగ్గర చెక్కడానికి చేతిలో పట్టే చిన్న కట్టర్‌కు 0.2 మిల్లీమీటర్ల తీగ 10 సెంటీమీటర్లు పెట్టాను. మల్టీమీటర్‌తో చూస్తే రెండూ 3.5 ఓమ్‌లే. రెండింటికీ ఒకే సప్లై: 6.5 వోల్టులు, 1.85 ఆంపియర్లు, అంటే 12 వాట్లు. విల్లు చక్కగా కోస్తోంది. చిన్నది స్విచ్చి వేయగానే ఎర్రబడుతోంది, తీగ తగలకముందే థర్మాకోల్ కరిగి గుంట పడుతోంది, ఒకటే పొగ. నిన్న పుటుక్కున తెగింది. విదేశంలో వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) పరికరం వాడే మా తమ్ముడిని అడిగితే, వాట్లు సమానమైతే వేడి కూడా సమానమే అంటున్నాడు. మరి నా తీగకు ఏమైంది?

అడయారు సభ్యుడు:
సన్న తీగ నాసిరకం అయి ఉంటుంది. వేరే దుకాణంలో కొనండి.

తాంబరం సభ్యుడు, ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరైనవాడిని:
తీగను నిందించకండి. 0.4 తీగ మీటరుకు సుమారు 8.75 ఓమ్‌లు, 0.2 తీగ మీటరుకు 35. మందం సగమైతే అడ్డుకోత వైశాల్యం నాలుగో వంతు అవుతుంది కనుక నిరోధం నాలుగింతలు. నాలుగో వంతు పొడవు తీసుకున్నారు కాబట్టి లెక్క మళ్లీ 3.5కే వచ్చింది. తీగ అసలైనదే అనడానికి మీ మల్టీమీటరే సాక్షి.

అమ్మా, మీ తమ్ముడి మాటలో సగం నిజం ఉంది. 12 వాట్లు అంటే సెకనుకు 12 జౌళ్ల వేడి, అది ఏ తీగలోనైనా అంతే. అయితే వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. ఒకే గరిటెడు నూనెను పెద్ద పెనం మీదా, పోపు గరిటెలోనూ పోసి చూడండి. మీ విల్లులో ఆ 12 వాట్లు 40 సెంటీమీటర్ల మీద పరుచుకున్నాయి, సెంటీమీటరుకు 0.3 వాట్లు. చిన్న కట్టర్‌లో అవే 12 వాట్లు 10 సెంటీమీటర్లలో ఇరుక్కున్నాయి, సెంటీమీటరుకు 1.2. పైగా లోహం పదహారో వంతే ఉంది. అందుకే స్విచ్చి వేయగానే ఎర్రబడుతోంది.

ఓమ్‌లు చెప్పేది ఒక్కటే: అన్ని వాట్లు రావడానికి ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు కావాలో. ఆ ఓమ్‌ల వెనక ఎంత పొడవు, ఎంత మందం ఉందో అవి చెప్పవు. వేప్ కాయిళ్లకూ ఇదే సూత్రం. తక్కువ ఓమ్‌ల కాయిల్‌లో సాధారణంగా తీగ లావుగానో, రెండు తీగల జంటగానో ఉంటుంది. అదే వాట్ల దగ్గర అది నెమ్మదిగా వేడెక్కుతుంది, కాయిల్‌లో ఎక్కువ కరెంటు పారుతుంది. ఎక్కువ ఓమ్‌ల సన్న కాయిల్ చప్పున వేడెక్కుతుంది, వాట్లు పెంచితే కాయిల్ లోపలి దూది మాడుతుంది. మన దేశంలో వాటి తయారీ, అమ్మకం 2019 చట్టంతో నిషిద్ధం కనుక ఆ ముచ్చట ఇంతటితో చాలు.

అడయారు సభ్యుడు:
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మందం సగం, పొడవు నాలుగో వంతు కాబట్టి తీగ ఉపరితలం ఎనిమిదో వంతు ఉంది కదా, 12ను 8తో భాగించి ఒకటిన్నర వాట్లు పెడితే సరిపోతుందా?

తాంబరం సభ్యుడు:
కాగితం మీద అంతే, కానీ గాలి ఆ లెక్క వినదు. తీగ సన్నబడేకొద్దీ ప్రతి చదరపు మిల్లీమీటరు నుంచి గాలి లాక్కునే వేడి పెరుగుతుంది. అందుకే ఉపరితలం కన్నా సెంటీమీటరుకు ఎన్ని వాట్లు అన్నదే ఈ పనికి దగ్గరి కొలత. విల్లులో 0.3 బాగుంది కనుక ఇక్కడ పైహద్దు 3 వాట్లు. సన్న తీగ అదే కొలతకు కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, కాబట్టి 2 దగ్గర మొదలుపెట్టండి. అంటే 2.65 వోల్టులు. కోత మొండికేస్తే కొద్దికొద్దిగా 3.2 వోల్టుల వరకు పెంచండి. తీగ ఎర్రబడనే కూడదు. పాలిస్టైరీన్, అంటే మీ థర్మాకోల్, 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎర్రటి తీగతో దానికి పని లేదు. పొగ వచ్చిందంటే కోయడం లేదు, కాలుస్తున్నారన్నమాట. ఆ పొగ మంచిది కాదు, కిటికీ తెరిచే కూర్చోండి.

ఇంకొకటి, చివరలు ఎలా కలిపారు?

అడిగినవారు, పెరంబూరు:
విల్లుకు క్రొకడైల్ క్లిప్పులు. చిన్నదానికి టంకం పెట్టాను, అది కరిగి కారిపోయింది. మళ్లీ క్లిప్పులే.

తాంబరం సభ్యుడు:
నైక్రోమ్‌కు మామూలు టంకం పట్టదు. ఇత్తడి మరలుండే కనెక్టర్ స్ట్రిప్ ముక్క కోసి బిగించండి. క్లిప్పులు, సన్నని వైర్లు కలిసి అర ఓమ్ మింగితే మీ 3.5 ఓమ్‌ల తీగకు చేరేది సప్లై చూపించే వాట్లలో ఎనిమిదింట ఏడు వంతులే. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఈ దొంగ పెద్దవాడవుతాడు. ఒక ఓమ్ తీగ అయితే మూడో వంతు వైర్లలోనే పోతుంది. మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు కూడా ముందు రెండు మొనలూ ఒకదానికొకటి తాకించి, ఆ అంకె తీసేయండి.

విల్లు తీగ వేడికి మిల్లీమీటరున్నర దాకా సాగి వదులవుతుంది. ఒక చివర చిన్న స్ప్రింగు పెడితే పలక వంకర పోదు. ఎవరైనా ఫ్యాను రెగ్యులేటరు ద్వారా నేరుగా 230 వోల్టులు ఇవ్వమని చెబితే మాత్రం వినకండి. అది చేతికి తగిలే, పైన తొడుగు లేని తీగ.

అడిగినవారు, పెరంబూరు:
చేసి చూశానండి. 2 వాట్ల దగ్గర తీగ పలకలో ఆగిపోతోంది. 2.6 దగ్గర పొగ లేకుండా, అంచు నున్నగా వచ్చింది. ఎర్రదనం లేదు. గోపురం రెండో అంతస్తు అయింది, ఇంకా మూడున్నాయి. విల్లుకు కొత్త స్ప్రింగు దొరకలేదు, మా అబ్బాయి బాల్ పెన్నులోది తీసి పెట్టాను. వాడికింకా తెలియదు.