విమానం రెక్కకి పురుగులు అంటుకుంటే ప్రమాదమా?

జయపురం కుర్రాడు:
అన్నలూ, ఒక డౌటు. మొన్న నాన్నగారిని తీసుకుని ఇక్కడి నుంచి విశాఖకి చిన్న విమానం ఎక్కాను. మెట్ల దగ్గర నిలబడి చూస్తే రెక్క ముందంచు మీద పసుప్పచ్చ మరకలు, ఒక చోట ఉసులు రెక్క అలాగే అతుక్కుని గాలికి వణుకుతోంది. "వీళ్లు దీన్ని కడగరా?" అన్నారు నాన్నగారు, ఇంక దారంతా నాకు టెన్షన్. అంత చిన్న పురుగుల బరువు ఏం చేస్తుందని?

రాయగడ మెకానిక్:
బరువు కాదు తమ్ముడూ, గరుకు. రెక్కని ఆనుకుని పల్చటి గాలి పొర ఒకటి పోతుంటుంది, ముందంచు నున్నగా ఉంటే అది కొంత దూరం అలజడి లేకుండా జారుతుంది, మధ్యలో మరక తగిలిందో అక్కడి నుంచి వెనక్కి విసనకర్ర విప్పినట్టు చెదిరిపోతుంది. దాంతో రాపిడి పెరిగి ఇంధనం కాస్త ఎక్కువ తాగుతుంది. అంతేగానీ పడిపోదు! మామూలు విమానాల్లో ఆ పొర ఎలాగూ తొందరగానే చెదురుతుంది కాబట్టి నష్టం తక్కువే. ఇంజన్ లేని గ్లైడర్లకే అసలు దెబ్బ, అందుకే కొన్నిటికి గాల్లో ఉండగానే దారంతో లాగి రెక్క అంచు తుడిచే ఏర్పాటు ఉంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:
పురుగులు తగిలేది నేలకి దగ్గర్లో, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. 2015లో నాసా, బోయింగ్ కలిసి అమెరికాలోని ష్రీవ్‌పోర్ట్‌లో 757 విమానం రెక్కకి పురుగుల్ని అంటనివ్వని పూతలు వేసి 15 సార్లు ఎగరేసి చూశాయి. ఒక పూతకి మరకలు దాదాపు 40 శాతం తగ్గాయి. అదలా ఉంచితే, నిజంగా భయపడాల్సింది వేగం కొలిచే గొట్టంలో దూరే పురుగులకి. 1996లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర 189 మంది పోయిన ప్రమాదంలో ఆ గొట్టం మూసుకుపోయింది, కందిరీగ గూడే అయ్యుంటుందని అనుమానించారు. అందుకే నేల మీద ఆగినప్పుడు దానికి ఎర్ర రిబ్బన్ వేలాడే తొడుగు పెడతారు.

జయపురం కుర్రాడు:
అమ్మయ్య, సగం టెన్షన్ పోయింది, మాస్టారు కొంచెం మళ్లీ పెంచారు 😄 మరి ఎలా కడుగుతారు? నా హెల్మెట్ అద్దానికీ ఇదే గోల, గోకితే గీతలు పడ్డాయి.

రాయగడ మెకానిక్:
గోకకు! పురుగు చితికాక దాని ఒంట్లో నీరు బంకలా గట్టిపడుతుంది, ఎండకి ఇంకా మొండిగా. తడిగుడ్డ పరిచి పది నిమిషాలు వదిలేయ్, తర్వాత సబ్బునీళ్లతో మెత్తగా తుడువు. రెక్కకీ అంతే, ముందు నానబెట్టడమే. ఆ రోజుకి ఆ రోజు చేస్తే సుళువు.

జయపురం కుర్రాడు:
గుడ్డ వేశాను. నాన్నగారు గడియారం చూస్తున్నారు.